డ్యాన్ ప్యాట్రిక్ షో: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉద్యోగానికి కారులో వెళ్లే తెలుగువారిలో చాలామంది ఉదయం రేడియో పెడితే ఏదో ఒక స్టేషన్‌లో ఈ గొంతు వినిపిస్తుంది. ఇక్కడ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి ఎన్‌బీఏ (బాస్కెట్‌బాల్ లీగ్), ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) చూడటం మొదలుపెట్టిన కుర్రవాళ్లు పాడ్‌కాస్ట్ ద్వారా ఈ కార్యక్రమానికి వస్తున్నారు. ఈ రెండు రకాల శ్రోతలూ నన్ను తరచుగా అడిగే ప్రశ్నలకు సమాధానాలు ఇవి. కొన్నిటికి ఒక్క మాటలో జవాబు చాలు. కొన్నిటికి, ముఖ్యంగా ఇంటర్వ్యూల గురించిన ప్రశ్నకు, కాస్త ఎక్కువ చోటు తీసుకున్నాను. నేను ఈ షో వినేది ప్రధానంగా ఆ ఇంటర్వ్యూల కోసమే.

అసలు ఏమిటీ కార్యక్రమం?

సోమవారం నుంచి శుక్రవారం దాకా, రోజుకు మూడు గంటలు, ప్రత్యక్షంగా సాగే క్రీడా సంభాషణ. అమెరికా తూర్పు తీర సమయం ప్రకారం ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 12 వరకు వస్తుంది. ఒక వ్యాఖ్యాత, ఆయన చుట్టూ నలుగురైదుగురు సహచరులు, ఫోన్‌లో శ్రోతలు, రోజుకు కొందరు అతిథులు. ఆట ప్రసారం ఉండదు, స్కోరు చదవడం కూడా తక్కువే. నిన్న జరిగిన ఆట గురించి, రేపు జరగబోయే ఆట గురించి, ఆ రెంటి మధ్య మనుషుల గురించి మాట్లాడుకోవడమే ఇందులో ఉండేది. దేశమంతటా వందలాది రేడియో స్టేషన్లు దీన్ని తీసుకుని ప్రసారం చేస్తాయి. వీడియో రూపం కూడా ఉంది. 2009 ఆగస్టులో డైరెక్‌టీవీ అనే ఉపగ్రహ టీవీ సేవలో మొదలై, తర్వాత కొన్ని వేదికలు మారి, 2020 ఆగస్టు నుంచి పీకాక్ అనే స్ట్రీమింగ్ వేదికలో వస్తోంది.

డ్యాన్ ప్యాట్రిక్ ఎవరు? ఆటగాడా?

కళాశాల స్థాయి వరకు బాస్కెట్‌బాల్ ఆడారు. 1956లో ఒహాయో రాష్ట్రంలోని జేన్స్‌విల్‌లో పుట్టారు. అసలు పేరు డేనియల్ ప్యాట్రిక్ ప్యూ. ఇంటిపేరు వదిలేసి, మధ్యలో ఉన్న పేరునే ప్రసారానికి వాడుకున్నారు. బాస్కెట్‌బాల్ స్కాలర్‌షిప్‌తో ఈస్టర్న్ కెంటకీ విశ్వవిద్యాలయంలో చేరి, తర్వాత డేటన్ విశ్వవిద్యాలయానికి మారి అక్కడే పట్టా తీసుకున్నారు. డేటన్‌లోని సంగీత రేడియోలో పనిచేసి, 1983లో సీఎన్ఎన్ క్రీడా విభాగానికి, 1989లో ఈఎస్‌పీఎన్‌కు వెళ్లారు.

ఆయన పేరు దేశమంతా తెలిసింది 1990లలో. ఈఎస్‌పీఎన్‌లో రాత్రి పూట వచ్చే 'స్పోర్ట్స్‌సెంటర్' వార్తలను కీత్ ఓల్బర్‌మన్‌తో కలిసి చదివేవారు. ఇద్దరూ వార్తను వార్తలా చదువుతూనే మధ్యలో చమత్కారాలు దొర్లించేవారు. మంచి ఊపు మీదున్న ఆటగాడిని చూపిస్తూ ప్యాట్రిక్ వాడిన 'ఎన్ ఫ్యూగో' (నిప్పులు చెరుగుతున్నాడు అన్నట్టు) అనే స్పానిష్ ధోరణి మాట అప్పట్లో బడి పిల్లల నోళ్లలో నానింది. ఆ తరం అమెరికన్లు ఇప్పుడు నడివయసులో ఉన్నారు. ఈ షోకు గట్టి శ్రోతలు వాళ్లే.

ఈఎస్‌పీఎన్ లాంటి సంస్థను వదిలి వచ్చాక షో ఎలా నిలబడింది?

1999లో ఈఎస్‌పీఎన్ రేడియోలోనే 'డ్యాన్ ప్యాట్రిక్ షో' మొదలైంది. చాలాకాలం మాజీ బేస్‌బాల్ పిచర్ రాబ్ డిబుల్ తోడుగా ఉండేవారు. 2007 ఆగస్టులో, పద్దెనిమిదేళ్ల ఉద్యోగం తర్వాత, ప్యాట్రిక్ ఆ సంస్థను వదిలేశారు. అదే ఏడాది అక్టోబరు 1న సొంతంగా షో మొదలుపెట్టారు. అప్పుడు స్టూడియో లేదు. కనెటికట్‌లోని తన ఇంటి అటక మీద మైకులు పెట్టుకుని ప్రసారం చేశారు. క్రీడా ప్రసారాల్లో దేశంలోకెల్లా పెద్ద సంస్థలో ప్రముఖుడిగా వెలిగిన మనిషి, యాభై దాటాక, ఇంటి పైకప్పు కింద ఇరుకు గదిలో కూర్చుని ఒక్కో స్టేషన్‌నూ కూడగట్టుకోవడం చిన్న విషయం కాదు.

2009లో ప్రీమియర్ రేడియో నెట్‌వర్క్స్ పంపిణీ బాధ్యత తీసుకుంది. అది నేటి ఐహార్ట్‌మీడియా కుటుంబంలోని సంస్థ. తర్వాత కనెటికట్‌లోనే మిల్‌ఫర్డ్ అనే ఊళ్లో 'మ్యాన్ కేవ్' అని పిలుచుకునే స్టూడియో ఏర్పడింది. గోడల నిండా క్రీడా జ్ఞాపికలు ఉంటాయి. శుక్రవారం వస్తే మాంసం కాల్చుకుని తినే 'మీట్ ఫ్రైడే' సంబరం కూడా ఉంది. ఈఎస్‌పీఎన్ వదిలాక షో పేరు, దాని తీరు, దాని మనుషులు ప్యాట్రిక్ చేతిలోనే ఉన్నాయి. పంపిణీదారులు మారారు, వీడియో వేదికలు మారాయి, షో మాత్రం మారలేదు. నా దృష్టిలో దీని ఆయుష్షుకు అసలు కారణం ఇదే.

సిండికేషన్ అంటే ఏమిటి? ఒకే షో అన్ని ఊళ్లలో ఎలా వస్తుంది?

మనకు ఆకాశవాణి అలవాటు. ఢిల్లీ నుంచి వచ్చేదాన్ని హైదరాబాద్, విజయవాడ కేంద్రాలు అందుకుని ప్రసారం చేసేవి. అవన్నీ ఒకే సంస్థకు చెందినవి. అమెరికాలో రేడియో స్టేషన్లు వేలాదిగా ఉన్నాయి, యజమానులు వేరువేరు. ప్రతి స్టేషన్ రోజంతా సొంత కార్యక్రమాలు తయారు చేసుకోలేదు. ఒక చిన్న పట్టణం స్టేషన్‌కు ఉదయం స్థానిక వార్తలు చెప్పే ఒకరిద్దరు, సాయంత్రం ఊరి హైస్కూల్ ఆటల గురించి మాట్లాడే ఒకరు ఉంటే గొప్ప. మిగతా సమయాన్ని బయటి నుంచి తెచ్చుకున్న కార్యక్రమాలతో నింపుతారు. అలా ఒకచోట తయారైన కార్యక్రమాన్ని విడివిడి స్టేషన్లకు పంచడమే సిండికేషన్.

డబ్బు లెక్క ఆసక్తికరంగా ఉంటుంది. చాలా సందర్భాల్లో స్టేషన్ కార్యక్రమానికి డబ్బు కట్టదు. బదులుగా తన ప్రసార సమయంలో కొన్ని నిమిషాలు పంపిణీ సంస్థకు ఇచ్చేస్తుంది. ఆ నిమిషాల్లో దేశవ్యాప్త ప్రకటనలు వస్తాయి. కార్ల కంపెనీలు, బీమా కంపెనీలు, హోటళ్లు వాటిని కొంటాయి. మిగిలిన నిమిషాలను స్టేషన్ తన ఊళ్లోనే అమ్ముకుంటుంది. అందుకే ఒకే విరామంలో మొదట దేశమంతా వినే ప్రకటన, ఆ వెంటనే పక్క వీధిలోని టైర్ల దుకాణం ప్రకటన వినిపిస్తాయి. డాలస్‌లో వినేవాడికీ, క్లీవ్‌లాండ్‌లో వినేవాడికీ సంభాషణ ఒకటే, టైర్ల దుకాణాలు వేరు.

ఇదంతా సాగాలంటే గడియారం కచ్చితంగా ఉండాలి. గంటలో ఏ నిమిషానికి మాట ఆగాలో, ఎంతసేపు విరామమో ముందే నిర్ణయమై ఉంటుంది. అతిథి ఎంత గొప్పవాడైనా, కథ ఎంత రసకందాయంలో ఉన్నా, ఆ క్షణానికి వ్యాఖ్యాత విరామంలోకి వెళ్లాల్సిందే. లేకపోతే వందల స్టేషన్లలో కంప్యూటర్లు మాట మధ్యలోనే ప్రకటన మొదలుపెట్టేస్తాయి. గంట మారే సమయంలో ప్రతి స్టేషన్ తన గుర్తింపు అక్షరాలనూ ఊరి పేరునూ చెప్పడం అక్కడి చట్టం. మిసిసిపీ నదికి తూర్పున ఎక్కువ స్టేషన్ల పేర్లు డబ్ల్యూతో, పడమట 'కె'తో మొదలవుతాయి. కారులో సుదూర ప్రయాణం చేసేవారికి ఇది సరదాగా ఉంటుంది: ఒక స్టేషన్ గరగరమని అందకుండా పోయాక నాబ్ తిప్పితే, తర్వాతి ఊరి స్టేషన్‌లో అదే మాట కొనసాగుతూ దొరుకుతుంది.

ఈ రకం రేడియో ఎప్పుడు పుట్టింది?

ఆటల గురించి ఫోన్ చేసి మాట్లాడే కార్యక్రమాలు 1960ల నుంచే ఉన్నాయి. కానీ ఇరవైనాలుగు గంటలూ ఆటల గురించే మాట్లాడే స్టేషన్ 1987 జులై 1న న్యూయార్క్‌లో మొదలైంది. దాని పేరు డబ్ల్యూఎఫ్ఏఎన్. మొదటి రోజు ఆ తరంగాల మీద ప్రత్యక్షంగా వినిపించిన తొలి గొంతు ఒక మహిళది, సూజన్ వాల్డ్‌మన్. పగలంతా ఆటల గురించి మాట్లాడితే వినేదెవరు అని అప్పట్లో సందేహించినవారు చాలామంది. కొద్ది సంవత్సరాలకే నగరం నగరానికీ అలాంటి స్టేషన్ వచ్చింది. ఈఎస్‌పీఎన్ రేడియో 1992 జనవరి 1న మొదలైంది. స్టేషన్లు అలా పెరిగే కొద్దీ పగటి గంటలు నింపే జాతీయ కార్యక్రమాలకు గిరాకీ పెరిగింది.

డానెట్స్ అంటే ఎవరు?

ప్యాట్రిక్‌తో పాటు మైకుల ముందు కూర్చునే నిర్మాణ బృందం. పాల్ పాబ్‌స్ట్‌ను 'పాలీ' అంటారు, ఆయన ముఖ్య నిర్మాత. టాడ్ ఫ్రిట్జ్ 'ఫ్రిట్జీ', అతిథులను ఒప్పించి తీసుకొచ్చే పని ఆయనది. ప్యాట్రిక్ ఓకానర్‌ను 'సీటన్' అని పిలుస్తారు. ఆండ్రూ పెర్లాఫ్ చాలా ఏళ్లు ఉండి వేరే రేడియోలో మరో కార్యక్రమానికి వెళ్లారు. మార్విన్ ప్రిన్స్ తర్వాత చేరారు.

మామూలుగా ఇలాంటి మనుషులు అద్దాల గది అవతల హెడ్‌ఫోన్లు పెట్టుకుని కనిపించకుండా ఉంటారు. ఇక్కడ వాళ్లూ పాత్రలే. ప్యాట్రిక్ ఒక అభిప్రాయం చెబితే పాలీ అడ్డుపడతాడు, ఫ్రిట్జీ మరో వాదన అందుకుంటాడు, దానికి మిగతావాళ్లు ఆటపట్టిస్తారు. ఫ్రిట్జీ ఒక అతిథి కోసం వారాల తరబడి ఎలా తిరిగాడో మనకు తెలుస్తుంది. ఆ అతిథి చివరికి ఫోన్‌లోకి వస్తే శ్రోతకు కూడా ఏదో సాధించినట్టు అనిపిస్తుంది. సంవత్సరాలుగా ఒకే బృందం కలిసి ఉండటం వల్ల ఎవరి గొంతులో చిరాకు ఉందో, ఎవరు ఇంట్లో పసిబిడ్డతో రాత్రంతా మేలుకుని వచ్చారో వినగానే పట్టేయవచ్చు. అది రాసిపెట్టిన సంభాషణతో వచ్చేది కాదు.

మూడు గంటలు ఏం మాట్లాడతారు?

రోజు మొదట్లో ఆనాటి ముఖ్య విషయం గురించి ప్యాట్రిక్ కాసేపు మాట్లాడతారు. శ్రోతల కోసం ఒక ఓటు ప్రశ్న పెడతారు. దాని మీద బృందంలో తగువు నడుస్తుంది. ఆనాటి గణాంకం ఒకటి, చరిత్రలో ఈ రోజు జరిగినవి కొన్ని వస్తాయి. మధ్యమధ్యలో ఫోన్లు, అతిథులు. సోమవారమైతే వారాంతంలో నచ్చినవీ నచ్చనివీ ఏమిటని శ్రోతలను అడుగుతారు. మూడో గంట చివర ఒక్కొక్కరూ ఆ రోజు తాము తెలుసుకున్న విషయం ఒకటి చెబుతారు. ఆ చివరి నిమిషాలు వినకుండా రేడియో కట్టేయవద్దని నా మనవి. రెండు గంటల క్రితం అతిథి అన్న మాటలో మనం గమనించకుండా వదిలేసింది అక్కడ బయటపడుతుంది.

ఫోన్ చేసినవాళ్లు తమ ఎత్తు, బరువు ఎందుకు చెబుతారు?

అది ఈ షో ఆచారం. "ఐదు అడుగుల పదకొండు అంగుళాలు, రెండు వందల పది పౌండ్లు" అని చెప్పి ఆ తర్వాత విషయంలోకి వస్తారు. ఆటగాళ్ల పేరు పక్కన జట్టు జాబితాలో ఎత్తూ బరువూ రాస్తారు కదా, మామూలు మనిషి కూడా ఒక్క నిమిషం ఆ జాబితాలోకి ఎక్కుతాడు. ట్రక్కు నడుపుతూ మాట్లాడే మనిషి ఆకారం మన ముందు నిలబడుతుంది. బరువు చెప్పేటప్పుడు కొందరు కొంచెం తటపటాయిస్తారు. బృందం దాన్ని పట్టుకుని నవ్విస్తుంది, కానీ నొప్పించరు.

ఇంటర్వ్యూలను అంతగా ఎందుకు పొగుడుతారు?

క్రికెట్ మ్యాచ్ అయిపోయాక మైదానంలో జరిగే మాటలు గుర్తు చేసుకోండి. "అద్భుతమైన ఇన్నింగ్స్, ఒత్తిడిలో ఆడారు, ప్రేక్షకులు ఉత్సాహపరిచారు, ఎలా అనిపిస్తోంది?" అని అడుగుతారు. జవాబు కూడా మనకు తెలుసు: జట్టు సమష్టి కృషి, కోచ్‌కు కృతజ్ఞతలు, తర్వాతి మ్యాచ్ మీద దృష్టి. తప్పు ఆటగాడిది కాదు. ప్రశ్నలోనే పొగడ్త ఉంది, వర్ణన ఉంది, జవాబూ ఉంది. అతను తలూపడం తప్ప చేయగలిగింది లేదు.

ప్యాట్రిక్ ప్రశ్నలు పొట్టిగా ఉంటాయి. ఒక వాక్యం, కొన్నిసార్లు మూడు నాలుగు మాటలు. ఎప్పుడు, ఎవరు, ఎందుకు అని అడిగి ఆగిపోతారు. ఆ ఆగడంలోనే పనితనం ఉంది. రేడియోలో రెండు సెకన్ల నిశ్శబ్దం కూడా చాలా పొడుగ్గా వినిపిస్తుంది. చాలామంది వ్యాఖ్యాతలు భయపడి ఆ ఖాళీని తామే నింపేస్తారు. ఈయన నింపరు. అవతలి మనిషి దాన్ని నింపక తప్పదు, అలా నింపేటప్పుడు ముందుగా సిద్ధం చేసుకున్న జవాబు పనికిరాదు.

రెండో విషయం, రెండో ప్రశ్న. కాగితం మీద రాసుకున్న పది ప్రశ్నలు వరసగా అడిగేవారికీ, వినేవారికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. అతిథి మాటల్లో ఒక చిన్న ముక్క దొర్లుతుంది, ఉదాహరణకు "ఆ రాత్రి కోచ్‌తో మాట్లాడలేదు" అని. కాగితం చూసుకునే మనిషి దాన్ని దాటిపోతాడు. ప్యాట్రిక్ ఆగి, ఎందుకు మాట్లాడలేదని అడుగుతారు. అక్కడి నుంచి ఇంటర్వ్యూ ఎవరూ అనుకోని దారిలో వెళుతుంది.

మూడోది, పక్కదారి ప్రశ్నలు. ఒక బాస్కెట్‌బాల్ దిగ్గజాన్ని ఆయన కీర్తి గురించి అడిగితే వందసార్లు చెప్పిన జవాబే వస్తుంది. నీ సొంత జట్టులో నిన్ను ఆపగలిగినవాడు ఎవరు, చివరిసారి ఎప్పుడు ఎగిరి బంతిని బుట్టలో కొట్టావు, ఆ పతకం ఇంట్లో ఏ గదిలో ఉంది: ఇలాంటివి అడిగితే మనిషి ఆలోచించాలి, లేదా నవ్వాలి. రెండూ మనకు లాభమే. ఊహా ప్రశ్నలు కూడా ఆయనకు ఇష్టం. రెండు కష్టమైన ఎంపికలు ముందు పెట్టి ఒకటి ఎంచుకోమంటారు. ఎంపిక కన్నా దానికి చెప్పే కారణంలో ఆటగాడి మనసు బయటపడుతుంది.

ఇవన్నీ చాలా తక్కువ సమయంలో జరగాలి. గడియారం సంగతి పైన చెప్పాను. గంటసేపు తీరిగ్గా మాట్లాడే పాడ్‌కాస్ట్‌లో మొదటి పావుగంట కుశల ప్రశ్నలకు పోయినా ఫరవాలేదు. ఇక్కడ సుమారు పది, పన్నెండు నిమిషాల్లో పలకరింపు, అసలు విషయం, నవ్వు, ఒక గట్టి ప్రశ్న, వీడ్కోలు అన్నీ అయిపోవాలి. గట్టి ప్రశ్నను మొదట్లో వేస్తే అతిథి బిగుసుకుపోతాడు, మరీ చివర్లో వేస్తే జవాబుకు సమయం చాలదు. దాన్ని ఎక్కడ పెడుతున్నారో గమనిస్తూ వినండి. నాకు ఈ షో నేర్పిన శ్రద్ధ అది.

ఆటగాళ్లు ఊరికే వచ్చి మాట్లాడతారా?

కొందరు స్నేహం కొద్దీ వస్తారు. చాలామందికి ఏదో ఒక పని ఉంటుంది: పుస్తకమో, ధార్మిక సంస్థో, ప్రకటన ఒప్పందమో. ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ వారంలో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఫైనల్ జరిగే నగరంలో ఒక పెద్ద సమావేశ మందిరంలో దేశంలోని రేడియోలన్నీ బల్లలు వేసుకుని వరసగా కూర్చుంటాయి. దాన్ని 'రేడియో రో' అంటారు. ప్రస్తుత ఆటగాళ్లు, మాజీలు, సినిమా నటులు ఒక బల్ల నుంచి మరో బల్లకు తిరుగుతూ మాట్లాడతారు. పక్కన వాళ్లను తీసుకొచ్చిన కంపెనీ ప్రతినిధి ఉంటాడు. చివర్లో ఫలానా చిప్స్ గురించో, ఫలానా ఔషధం గురించో ఒక ముక్క చెప్పాలన్నది ఒప్పందం. శ్రోతకు ఇది తెలిసి ఉండటం మంచిది. ఆ ముక్క వచ్చేలోపు వ్యాఖ్యాత ఏం రాబట్టాడన్నదే లెక్క.

మిగతా ప్రసిద్ధ షోలకూ దీనికీ తేడా?

అమెరికా క్రీడా రేడియోలో రెచ్చగొట్టే సంప్రదాయం ఒకటి బలంగా ఉంది. 1994 ఏప్రిల్‌లో జిమ్ రోమ్ అనే వ్యాఖ్యాత తన టీవీ కార్యక్రమంలో ఫుట్‌బాల్ ఆటగాడు జిమ్ ఎవరెట్‌ను, మహిళా టెన్నిస్ క్రీడాకారిణి క్రిస్ ఎవర్ట్ పేరుతో పిలిచి ఎగతాళి చేశారు. దెబ్బలకు భయపడే మనిషి అని ఆ వెక్కిరింపు అర్థం. మళ్లీ అంటే ఊరుకోనని ఎవరెట్ హెచ్చరించినా రోమ్ ఆపలేదు. ఎవరెట్ బల్లను తిరగేసి, రోమ్‌ను నేల మీద పడేశారు. అదంతా టీవీలో ప్రసారమైంది. రోమ్ తర్వాత చాలా ఏళ్లు జాతీయ రేడియోలో పేరు తెచ్చుకున్నారు. శ్రోతలు ఒకరినొకరు మాటలతో చీల్చిచెండాడే వార్షిక పోటీ కూడా ఆయన కార్యక్రమంలో ప్రసిద్ధం.

కొందరు వ్యాఖ్యాతలు అతిథులను దాదాపుగా పిలవకుండా తమ అభిప్రాయాలతోనే గంటలు నడుపుతారు. ఇంకొందరు రోజూ అరుపులతో చర్చ పెడతారు. వాటికీ అభిమానులున్నారు, వాటిలోనూ ప్రతిభ ఉంది. కానీ అతిథి గౌరవంగా బయటికి వెళ్లి, మళ్లీ పిలిస్తే రావాలనుకునే షో నాకు ఇష్టం. ఇక్కడ గట్టి ప్రశ్న అడగరని కాదు. అడిగే గొంతులో వైరం ఉండదు.

నాకు అమెరికన్ ఆటలు తెలియవు. అర్థమవుతుందా?

నియమాలు తెలియకపోయినా మొదట్లో ఇబ్బంది లేదు, ఎందుకంటే మాటల్లో ఎక్కువ భాగం మనుషుల గురించి. అయితే వ్యవస్థ తెలియాలి. ఐపీఎల్‌లో ఆటగాళ్లను వేలంలో కొంటారు. అమెరికాలో కొత్త ఆటగాళ్లను 'డ్రాఫ్ట్' ద్వారా ఎంచుకుంటారు. ఫుట్‌బాల్ లీగులో గత ఏడాది అట్టడుగున నిలిచిన జట్టు ముందు ఎంచుకుంటుంది. బాస్కెట్‌బాల్‌లో ప్లేఆఫ్స్‌కు చేరని జట్ల మధ్య లాటరీ తీస్తారు. ఎంపికైన కుర్రవాడికి ఏ ఊరు వెళ్లాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ లేదు. ఒప్పందం ముగిసిన ఆటగాడు 'ఫ్రీ ఏజెంట్' అవుతాడు, అప్పుడు నచ్చిన జట్టుతో బేరమాడుకుంటాడు. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ లీగుల్లో జట్టు మొత్తం జీతాలకు ఒక పరిమితి ఉంటుంది. ఈ మూడు విషయాలు తెలిస్తే షోలో సగం తగువులు అర్థమైనట్టే.

సంవత్సరానికి ఒక నడక ఉంటుంది. ఎన్‌ఎఫ్‌ఎల్ ఫుట్‌బాల్ సెప్టెంబరులో మొదలై ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌తో ముగుస్తుంది. 32 జట్లు, ఒక్కో జట్టుకు 17 లీగ్ మ్యాచులు. మార్చిలో కళాశాలల బాస్కెట్‌బాల్, ఏప్రిల్‌లో ఫుట్‌బాల్ డ్రాఫ్ట్, జూన్‌లో ఎన్‌బీఏ ఫైనల్స్. బేస్‌బాల్ వసంతం నుంచి శరత్తు దాకా, ఒక్కో జట్టు 162 మ్యాచులు ఆడుతుంది. జులైలో ఆటల వార్తలు పలచబడతాయి. షో నిర్వాహకుల సత్తా ఆ నెలలోనే తెలుస్తుంది.

క్రికెట్ గురించి మాట్లాడతారా?

ఎదురుచూడకండి. 2024 టీ20 ప్రపంచకప్‌లో డాలస్ దగ్గర అమెరికా జట్టు పాకిస్తాన్‌ను సూపర్ ఓవర్‌లో ఓడించింది. టెక్సస్‌లో ఉన్న మనవాళ్లకు అది పండుగ. కానీ అమెరికా క్రీడా రేడియోలో క్రికెట్‌కు ఇంకా స్థిరమైన చోటు లేదు.

బెట్టింగ్ ప్రకటనలు ఇన్ని ఎందుకు వినిపిస్తాయి?

1992 నాటి ఒక కేంద్ర చట్టం చాలా రాష్ట్రాల్లో ఆటల మీద పందేలను అడ్డుకునేది. 2018 మే 14న అమెరికా సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. ఆ తర్వాత ఒక్కో రాష్ట్రం పందేలను అనుమతిస్తూ వచ్చింది. అక్కడి నుంచి బెట్టింగ్ కంపెనీల డబ్బు క్రీడా ప్రసారాల్లోకి వరదలా వచ్చింది. ఏ క్రీడా షో కూడా దీనికి మినహాయింపు కాదు. ఆట గురించిన మాట పందెం లెక్కల్లోకి జారిపోవడం నాకు బాధ కలిగిస్తుంది. యువకులు రోజూ వినే గొంతు నుంచి పందెం మాట వస్తే దాని ప్రభావం ఎక్కువ. తెలుగు నేల నుంచి వినేవారు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: ఆన్‌లైన్ జూదాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. ఆ ప్రకటనలు మనకోసం కావు. పాడ్‌కాస్ట్‌లో ముందుకు జరిపేయండి.

ఈ షోలో లోపాలు లేవా?

ఉన్నాయి. ఫుట్‌బాల్ ఊపులో మిగతా ఆటలకు చోటు తగ్గిపోతుంది. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఒక్క క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ జట్టు దాడిని నడిపే ఆటగాడు) గాయం మీద రోజులు గడిచిపోతాయి. అంతకన్నా పెద్ద లోటు, రోజూ గదిలో కూర్చునే బృందం ఎప్పుడూ పురుషులదే. 2024లో కళాశాలల మహిళా బాస్కెట్‌బాల్ ఫైనల్‌ను పురుషుల ఫైనల్ కన్నా ఎక్కువమంది టీవీలో చూశారు. ఆటలు చూసేవారు మారుతున్నారు. ఆటల గురించి మాట్లాడే గదులు అంత వేగంగా మారడం లేదు. మహిళలు అతిథులుగా వచ్చిన రోజున సంభాషణకు వచ్చే కొత్త కోణం వింటే, వాళ్లు రోజూ అక్కడ ఉంటే ఎంత బాగుంటుందో అనిపిస్తుంది.

ఆయన ఆరోగ్యం గురించి ఏదో విన్నాం, నిజమేనా?

2019లో ప్యాట్రిక్ స్వయంగా షోలోనే చెప్పారు. పాలీమయాల్జియా రుమాటికా అనే వ్యాధితో కొన్నేళ్లుగా బాధపడుతున్నారు. భుజాలు, తుంటి ప్రాంతంలో తీవ్రమైన నొప్పి, బిగుసుకుపోవడం దీని లక్షణాలు. నొప్పికి వాడిన మందులు మనసు మీద చూపిన ప్రభావాన్ని కూడా దాచుకోలేదు. ఇన్నేళ్లూ నవ్వుతూ వినిపించిన గొంతు వెనక అంత నొప్పి ఉందని శ్రోతలకు అప్పుడే తెలిసింది. గట్టిగా కనిపించడమే మర్యాద అనుకునే క్రీడా లోకంలో, మగవాళ్లే ఎక్కువగా వినే కార్యక్రమంలో, ఆ మాటలు చెప్పడానికి ధైర్యం కావాలి.

భారతదేశంలో ఏ సమయానికి, ఎలా వినాలి?

అమెరికాలో వేసవి సమయం అమల్లో ఉండే నెలల్లో, అంటే మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా, మనకు సాయంత్రం 6:30కి మొదలై 9:30కి ముగుస్తుంది. మిగతా కాలంలో 7:30 నుంచి 10:30. ప్రత్యక్షంగా వినడం కన్నా పాడ్‌కాస్ట్ తేలిక. ఒక్కో గంట ఒక్కో భాగంగా వస్తుంది. ఇంటర్వ్యూలు మాత్రమే కావాలంటే యూట్యూబ్‌లో విడి ముక్కలు దొరుకుతాయి. అమెరికాలోనే ఉన్నవారికి డాలస్‌లో ఉదయం 8, కాలిఫోర్నియాలో 6 గంటలకు ప్రత్యక్ష ప్రసారం. స్థానిక స్టేషన్లు కొన్ని ఆలస్యంగా వేయవచ్చు, మీ ఊరి స్టేషన్ పట్టిక చూసుకోండి.

కారులో పిల్లలు ఉంటే వినవచ్చా?

వినవచ్చు. రేడియోలో ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా అసభ్యతపై అమెరికా ప్రసార నియమాలు కఠినంగా ఉంటాయి. ఫోన్‌లో ఎవరైనా నోరు జారితే ఆపేందుకు రేడియోవాళ్లు ప్రసారాన్ని కొన్ని సెకన్లు ఆలస్యంగా పంపుతారు.

క్రీడా ప్రసారాల్లో పనిచేయాలనుకునే విద్యార్థికి ఉపయోగపడుతుందా?

చాలా. ఫ్లోరిడాలోని ఫుల్ సెయిల్ విశ్వవిద్యాలయంలో ఆయన పేరుతోనే క్రీడా ప్రసారాల విద్యావిభాగం ఉంది. అక్కడికి వెళ్లలేనివారు చేయగలిగింది ఒకటి చెబుతాను. ఒక ఇంటర్వ్యూ వినండి, ప్రశ్నలు మాత్రమే కాగితం మీద రాసుకోండి, జవాబులు వదిలేయండి. ఒక్కో ప్రశ్నలో ఎన్ని మాటలున్నాయో, వాటిలో ఎన్ని ముందు జవాబులోంచి పుట్టాయో చూడండి. ఆ తర్వాత మన తెలుగు చానళ్లలో ఒక క్రీడాకారుడి ఇంటర్వ్యూతో అదే పని చేయండి. తేడా మీకే తెలుస్తుంది. పి.వి. సింధు, మిథాలీ రాజ్ వంటివారు మన మధ్యే ఉన్నారు. వాళ్లను మంచి ప్రశ్నలు అడిగే తెలుగు గొంతులు ఇంకా ఎన్నో రావాలి.

షో ఎప్పటివరకు వస్తుంది?

2027 చివరి దాకా. 2023లో ఒప్పందం పొడిగించుకున్నప్పుడు, అదే చివరిదని ప్యాట్రిక్ ప్రకటించారు. 2027 చివరికి ఆయనకు 71 ఏళ్లు, అటక మీద మొదలైన షోకు 20 ఏళ్లు.

ఇప్పుడే మొదలుపెట్టేవాడు ఏ రోజుతో మొదలుపెట్టాలి?

ఫుట్‌బాల్ సీజన్‌లో ఒక సోమవారం మొదటి గంట వినండి. ఆదివారం మ్యాచులు ముగిసి శ్రోతలందరూ ఏదో ఒకటి చెప్పాలని తహతహలాడుతుంటారు, బృందం కూడా మాంచి ఊపులో ఉంటుంది. పేర్లు సగం తెలియకపోయినా గాబరా పడకండి. తర్వాత అదే వారంలో మీకు ఇప్పటికే తెలిసిన ఒక ఆటగాడి ఇంటర్వ్యూ వెతికి వినండి. ఆపై శుక్రవారం మూడో గంట: మాంసం పొయ్యి మీద ఉంటుంది, ఎవరికీ తొందర ఉండదు.